మామగారి వెనక సీటు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా మామగారు పోయారు. నేను పనిచేసే ల్యాబ్‌కి మా ఆయన ఫోన్ చేసి, "నాన్న ఎల్లిపోనారు" అన్నాడు. "వస్తున్నా" అన్నాను. లోపలున్న విద్యార్థులను లెక్కపెట్టి బయటికి పంపి, తాళం వేసి సైకిలెక్కాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ చేరేదాకా ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. పోయినవాళ్ల గురించి మంచి మాటలు రాయగలిగినవాళ్లు రాస్తారు. నాకు ఆయనంటే పడేది కాదు. ఆయనకు నేనంటే అసలే పడేది కాదు.

ఆయన గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. బండి చివరి పెట్టెలో ఒక్కరే కూర్చుని, వెనక్కి పోతున్న పట్టాలను చూస్తూ ఉద్యోగమంతా గడిపారు. రిటైరయ్యాక కూడా ఏది ఎక్కినా వెనక సీటే. బజారుకు టోటోలో, అదే బ్యాటరీ ఆటోలో వెళ్లినా వెనక్కి తిరిగి ఉన్న బల్ల మీదే కూర్చునేవారు. "ముందర ఏటున్నాదో డ్రైవర్ సూసుకుంటాడు. ఎనకాల ఏటి పడిపోనాదో సూసేవోడు ఒకడుండాల" అనేవారు. మెడలో ఎప్పుడూ విజిల్. ఇంట్లోంచి నలుగురు బయల్దేరినా వేలు పెట్టి లెక్కపెట్టి, విజిల్ వేశాకే అడుగు బయటపెట్టాలి. ఆ విజిల్ పడ్డాక తల తిప్పి చూసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నేను వరంగల్ నుంచి ఈ బెంగాలీవాళ్ల రైల్వే ఊరికి ఉద్యోగానికి వచ్చి, వర్క్‌షాప్‌లో పనిచేసే ఆయన కొడుకును ఎవరినీ అడక్కుండా పెళ్లి చేసుకున్నాను. అది నా మొదటి నేరం. రెండోది నా మాట. "ఆ గుంట మాటాడేది తెలుగేటి?" అని నా ఎదురుగానే అత్తగారిని అడిగేవారు. "మీ నాయిన మాట్లాడేది మాత్రం ఏం తెలుగు, సగం బెంగాలీ" అని నేనూ ఆయనకు వినపడేలా మా ఆయనతో అనేదాన్ని. మూడేళ్లు ఒకే కప్పు కింద ఉండి నన్నొక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు.

ఆ తర్వాతి చలికాలం మా ఆడపడుచు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు వస్తే అందరం సుమో మాట్లాడుకుని సిమిలిపాల్ అడవికి బయల్దేరాం. మా ఆయన డ్రైవర్ పక్కన. మధ్య సీట్లో అత్తగారు, ఆడపడుచు, ఆమె భర్త, ఒళ్లో పిల్లలు. వెనక ఎదురుబదురు బల్లల మీద మామగారు, నేను. మోకాళ్లు తగులుతాయని ఇద్దరం దారంతా పక్కకి ఒదిగి కూర్చున్నాం.

ఆయన కాగితం మీద టైంటేబుల్ రాసుకొచ్చారు. బారిపదలో పదిహేను నిమిషాల హాల్ట్. కచోరీ ఇంకా వేడిగా ఉండగానే విజిల్. లెక్క. డ్రైవర్ లెక్కలోకి రాడు. మేం ఎనిమిది మందిమి. ఆయన తనతో మొదలుపెట్టి, అందరి మీదుగా వేలు తిప్పి, నా ముక్కు ముందు నుంచి దాటించి, "ఏడు. రైట్" అన్నారు. మా ఆయన ముందు నుంచి నవ్వాడు. "నాన్న సంగతి నీకు తెల్దేటి?" అన్నాడు. ఆ నవ్వుకు అతన్ని కూడా నేను పూర్తిగా క్షమించలేదు.

అడవి లోపల జలపాతం చూసే చోట ఆగాం. నేను కాస్త దూరంలో ఉన్న బాత్రూంకి వెళ్లాను. బయటికి వస్తుంటే విజిల్ వినబడింది. పరుగెత్తాను. సుమో కదిలింది. నా ఫోను, బ్యాగు అందులోనే ఉన్నాయి. ముందున్నవాళ్లంతా నేను వెనక ఉన్నాననుకున్నారు. వెనక ఉన్నది ఒక్కరే. ఆయన వెనక అద్దంలోంచి నన్ను చూశారు. నేనూ ఆయన్ని చూశాను. చెయ్యెత్తాను. ఆయన కదల్లేదు. గుగ్గిలం చెట్ల మధ్య బండి మలుపు తిరిగిపోయింది.

ఏనుగులు తిరిగే అడవి. అప్పటికి అక్కడ సందర్శకులు ఎవరూ లేరు. బాత్రూం మెట్టు మీద కూర్చుని దారి వైపే చూశాను. ఎంతసేపో తెలియదు. ఎర్ర దుమ్ము రేపుకుంటూ సుమో తిరిగొచ్చింది. అత్తగారు దిగి నన్ను కావలించుకుని, "ఓలమ్మో, మీ మావ సూసినారు గాబట్టి సరిపోనాది. నేకపోతే ఏటైపోదువు!" అన్నారు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. గార్డు కళ్లు గార్డు కళ్లే అన్నారు. ఆయన ఎవరి మొహమూ చూడకుండా దిగి, వేలు నా వైపు పెట్టి, "ఒకటి" అన్నారు. ఎనిమిది దాకా లెక్కపెట్టి విజిల్ వేశారు.

ఆ రోజు నుంచి ఎక్కడికి బయల్దేరినా లెక్క నాతోనే మొదలు. నేను మెత్తబడలేదు. అద్దంలో ఆయన కళ్ల సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయన కూడా ఆ సంగతి మొదటిసారి ఈ రాతలోనే చదువుతాడు.

మొన్న వానాకాలంలో ఆయన మంచం పట్టారు. ఒక సాయంత్రం మాత్రలిస్తూ అడిగేశాను.

"ఆ రోజు అద్దంలకెల్లి నన్ను చూసిన్రా, లేదా?"

"సూసినాను."

"మరి?"

సాసర్‌లో టీ తాగి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు: "రెండు మలుపులు ఊరుకున్నాను. మూడో మలుపుకాడ ఊరుకోనేకపోనాను."

పర్వాలేదని నేననలేదు. ఆయన కూడా నా నుంచి ఆ మాట కోసం చూడలేదు. నీళ్ల గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను. అబద్ధం చెప్పనందుకు మాత్రం ఆయనకు రుణపడ్డాను. ల్యాబ్‌కి తాళం వేసేముందు లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఒకటికి రెండుసార్లు చూడటం కూడా ఆయన వల్లే అబ్బింది. ఎలా అబ్బిందో చెప్పాను కదా.

బుధవారం వ్యాన్ వచ్చింది. మా ఇంట ఆడవాళ్లు శ్మశానం ఘాట్‌కి వెళ్లరు. ఆయన్ని వెనక పడుకోబెట్టి, పక్కన బల్లల మీదా డ్రైవర్ పక్కనా మగవాళ్లు సర్దుకున్నారు. ఆయన మంచం పట్టినప్పటి నుంచి లెక్క చూసే పని నాకు వచ్చిపడింది. "అందరూ ఎక్కినారేటో సూడు" అన్నాడు మా ఆయన.

నా వేలు మొదట వెనక అద్దంలోంచి ఆయన వైపు వెళ్లింది. ఒకటి. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, "ఎనిమిది" అన్నాను.

"ఏడుగురమే గదా" అన్నాడు ఆడపడుచు భర్త.

"ఎనిమిది" అన్నాను. "రైట్."

వ్యాన్ కదిలింది. సందు చివరి మలుపు తిరిగేదాకా ఆ అద్దాన్నే చూస్తూ రోడ్డు మీద నిలబడ్డాను. తిరిగాక కూడా, తెలియకుండానే చెయ్యెత్తి ఉన్నాను.