మహమూద్ సాబ్ కిటికీ

మొన్న మా అమ్మాయి గోళ్లరంగు సీసా మూత తీయగానే గదంతా ఘాటైన వాసన నిండింది. మా ఆవిడ ముక్కు మూసుకుంది. నేను మాత్రం దగ్గరికి జరిగి గట్టిగా పీల్చాను. తెగిన రీలును అతికించే మందు వాసన కూడా అచ్చం ఇలాగే ఉండేది. ఎల్లారెడ్డి టాకీసులో మేడమీది మెషిన్ గది, అందులో చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డ ఆపరేటర్ మహమూద్ సాబ్ కళ్లముందుకొచ్చారు.

గల్ఫ్ వీసా రాకపోవడంతో, పెళ్లయిన ఏడాదే నేను ఆయన దగ్గర పనిలో చేరాను. ఆ గది గోడకు చిన్న కిటికీ ఉండేది. నేను అందులోంచి తెరను చూసేవాణ్ణి, ఆయన జనాన్ని చూసేవారు. ఒకసారి కామారెడ్డి నుంచి బస్సులో వచ్చిన రీళ్లను నేను వరుస తప్పి ఎక్కించాను. హీరో చచ్చిపోయాడు, దహనమైంది, మరుసటి రీల్లో పొలం గట్టు మీద పాట పాడుతున్నాడు. హాల్లో ఎవరూ లేవలేదు. గండం గడిచిందనుకున్నాను.

"నేలల కూసున్న అవ్వను చూడు. వక్క నమలుడు ఆపింది. ఆమెకు సమజ్ కాలేదు" అని ఆయన మెషిన్ ఆపేశారు. నన్ను కిందికి తీసుకెళ్లి, తప్పు నాదేనని అందరి ముందూ చెప్పించారు.

"గదే అనుకుంటున్న బిడ్డా, కాలవెట్టినంక పాటెట్ల పాడుతడని" అంది అవ్వ. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

తర్వాత రీళ్లు పోయి డిజిటల్ పెట్టె వచ్చింది. బటన్ నొక్కడానికి ఒక్కడు చాలన్నాడు యజమాని. కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనే కాబట్టి, సాబ్ ముప్పై ఏళ్లు కూర్చున్న కుర్చీ నాకొచ్చింది. దొంగతనం చేసినట్టే అనిపించింది. ఆయనేమో వారం తిరక్కముందే టాకీసు గేటు ముందు మిర్చి బజ్జీల బండి పెట్టారు. నేను తల వంచుకుని పోతుంటే పిలిచారు.

"తల దించుకుంటే కిటికీలకెల్లి ఎట్ల చూస్తవ్ బేటా? బజ్జి తిని పైకి పో."

పెట్టె మీద మొదటి ఆట మొదలైంది. దాని దీపాలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. హాల్లో ఒకటే ఈలలు. సినిమా అదిరిపోయిందని కాలు మీద కాలేసుకున్నాను. అంతలో జల్లి గరిటె చేత్తో పట్టుకునే మహమూద్ సాబ్ మెట్లెక్కి వచ్చారు.

"ఇవి హుషారు ఈలలు కావు, కోపం ఈలలు. రోడ్డు మీదికి ఇనవడ్తున్నయి. జనాన్ని చూసినవా?"

చూడలేదు. హీరోయిన్ పెదాలు కదులుతున్నాయి, సంగీతం వస్తోంది, మాట ఒక్కటీ రావడం లేదు. తెర వెనక, మాటలు వినిపించే నడిమి స్పీకర్ తీగ ఊడిందని కనిపెట్టింది కూడా ఆయనే. ఆ రోజు నుంచి ప్రతి కొత్త సినిమాకూ మొదటి పది నిమిషాలు బండిని కొడుక్కి అప్పగించి, పైకొచ్చి నా పక్కన నిలబడేవారు.

ఆ టాకీసు ఫంక్షన్ హాలయ్యాక నేను కామారెడ్డిలో మూడు తెరల థియేటర్లో చేరాను. చనిపోవడానికి ముందు ఏడాది సాబ్ ఒక్కసారి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆట విడిచాక పిక్చర్ ఎట్లుందని అడిగాను.

"ఏమో. నేను ఎనుకకు తిరిగి కిటికీనే చూస్తున్న, నువ్వు నిలవడ్డవా లేదా అని."

"నిలవడ్డనా సాబ్?"

"నిలవడ్డవ్."

ఇప్పుడు పెట్టిన టైముకు ఆటలు వాటంతటవే మొదలవుతాయి, గదిలో మనిషి ఉండక్కర్లేదు. అయినా ప్రతి కొత్త సినిమాకూ నేను కిటికీ దగ్గరే ఉంటాను. ముందు వరుసలో ఎవరైనా వెనక్కి తిరిగితే, చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడతాను.