ఆరు పడితే మళ్లీ వెయ్యి

మా మావగారి వరండాలో నా సైన్యాలన్నీ అన్యాయంగా చచ్చాయి. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి, ప్రతి ఆదివారం. ఈ వయసులో కూడా దాన్ని నేను ఓటమిగా ఒప్పుకోను.

ఆ యుద్ధం ఆటను బిలాస్‌పూర్ తెచ్చినవాడు మా తోడల్లుడు. మావగారి పెద్దమ్మాయి భర్త, బొగ్గు కంపెనీలో ఆఫీసరు. ఎనభైల చివర్లో కలకత్తా వెళ్లి, ప్రపంచపటం ముద్రించిన అట్ట, రంగురంగుల సైనికులు, పాచికలు ఉన్న పెట్టె కొనుక్కొచ్చాడు. దాడి చేసేవాడు మూడు పాచికలు వేస్తాడు, కాపాడుకునేవాడు రెండు. పెద్ద అంకెతో పెద్ద అంకె, రెండోదానితో రెండోది పోల్చాలి. తక్కువ పడినవాడి సైనికుడు పోతాడు. మరి సమానంగా పడితే? మొదటిరోజే తగువొచ్చింది.

తీర్పు మావగారు చెప్పారు. ఆయన రైల్వే గార్డుగా రిటైరై, ఊరి చివర లాల్‌ఖదాన్‌లో ఇల్లు కట్టుకున్నారు.

"మనింట్లో ఏ పాచికలకైనా ఒకటే ధర్మం. వంతున్నోడికి ఆరు పడితే మళ్లీ ఎయ్యాల. సమానం పడితే వంతు ఎవరిదో గెలుపు ఆళ్లదే" అన్నారు.

శ్రీకాకుళం వైపు నుంచి మా పెద్దలు తెచ్చుకున్న ఆనవాయితీ అది. ఎవరూ కాదనలేదు.

వంతు ఎప్పుడూ దాడి చేసేవాడిదే కదా. తోడల్లుడు దూకే రకం. నేను రైలింజన్ల షెడ్డులో ఫిట్టర్ని, ఉన్నది ఊడకుండా చూసుకునే రకం. అతను మూడు వేస్తే ఏదో ఒకటి ఆరయ్యేది. మళ్లీ వేసి నా సైనికుల్ని ఇంకా తీసేవాడు. నా రెండు పాచికలు మాత్రం పడినవి పడినట్టే, సంతలో చేపల్లా గుడ్లప్పగించి పడుండేవి.

"ఏటి తమ్ముడూ, ఇవాళా గేట్‌మేన్ డ్యూటీయేనా? అచ్ఛా, బండెల్లిపోయింది గానీ ఇంక గేటు తియ్యి" అనేవాడు.

మావగారు పగలబడి నవ్వేవారు. అత్తగారు చేప తలకాయ అతని కంచంలోనే వేసేది. మావగారి పక్కనున్న పేము కుర్చీ గెలిచినవాడిది, గుమ్మం మెట్టు నాది. అతని స్కూటరు సందు చివర వినబడితే మావగారు లేచి నిలబడేవారు. నేను సైకిలు దిగితే కూర్చునే "వచ్చావా" అనేవారు. అదీ నా కడుపుమంట. "ఆటే కదా" అనేది నా భార్య. ఆట కాదని నాకు తెలుసు. ఆ ఇంట్లో నేనూ అల్లుణ్ణే.

ఒక్కసారి మాత్రం పాచికలు నా పక్షాన పడ్డాయి. అతని సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. స్కూటరు తన్ని వెళ్లినవాడు దసరా దాకా రాలేదు, వదినగారినీ పంపలేదు. నాకు అదే పండుగ. ఆ ఆదివారాలన్నీ పేము కుర్చీలో నేనే కూర్చున్నాను. మావగారు మాత్రం సందు చివరికి చూస్తూ ఉండేవారు. ఆ చూపు కూడా నాకు కిట్టలేదు.

నేను బడి వదిలేసినవాణ్ణి. నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషు నా అంతట నేనే నేర్చుకున్నాను. తోడల్లుడు మళ్లీ వచ్చి, మళ్లీ గెలవడం మొదలుపెట్టాక, ఒకరోజు అతను వెళ్లిపోయిన తర్వాత పెట్టె సర్దుతూ మూత లోపల ఇంగ్లీషులో అచ్చేసిన ఆట నియమాలు కూడబలుక్కుని చదివాను. సమానంగా పడితే గెలుపు కాపాడుకునేవాడిది. ఆరు పడితే మళ్లీ వెయ్యాలన్న మాటే లేదు.

మూత తీసుకెళ్లి మావగారి ముందు పెట్టాను.

"ఇన్నాళ్లూ మనం ఆడింది తప్పు మావగారూ. మీ పెద్దల్లుడి గెలుపులన్నీ తప్పే. వచ్చే ఆదివారం అందరి ముందూ ఆ మాట మీ నోటితో చెప్పండి."

ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. మూత మెల్లగా నా వైపు జరిపారు.

"పెట్టె ఇప్పిన్రోజే సదివాను బాబూ. నువ్వు ఓడిపోయినా పై ఆదివారం వొస్తావు. అతగాడు గెలిస్తేనే వొస్తాడు. అతగాడొస్తేనే నా పెద్దపిల్ల వొస్తాది. మరి ఆరు ఎవరికి పడాలో నువ్వే సెప్పు."