ఖాళీగా రాని మిఠాయి డబ్బాలు

మీరు నవ్వుకోవడానికి నా తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి గానీ, ఒక మనిషి పని ఊడగొట్టిన ఘనత మాత్రం ఈ ఒక్కదానికే దక్కింది.

కార్వాన్‌లో కరీం భాయ్ అట్టడబ్బాల కార్ఖానాకు నేను సూపర్‌వైజర్‌ని. లాల్‌దర్వాజా మిఠాయి సేఠ్ ఇచ్చే ఆర్డరే మా అందరికీ తిండి. ఆ డబ్బాలను జిగురు పూసి అతికించేది పద్మక్క. ఇరవై ఏళ్లుగా ఆమె ఇల్లు ఆ పని మీదే నడుస్తోంది. నేనేమో మధ్యాహ్నం భోజనంతో సహా ఇచ్చే రెండు రోజుల శిక్షణకు వెళ్లి, ఏ వస్తువునూ పారేయకుండా మళ్లీ మళ్లీ వాడాలన్న జ్ఞానం తలకెక్కించుకుని, కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చాను.

"భాయ్, గట్టి డబ్బాలు చేద్దాం. మిఠాయి తిన్నోళ్లు డబ్బా దుకాణంల వాపసిస్తరు. మనం తుడిచి మళ్ల సేఠ్‌కిస్తం," అన్నాను కరీం భాయ్‌తో.

మర్నాడు భాయ్ సేఠ్‌ని కలిసొచ్చాడు. "సేఠ్ ఒప్పుకుండు. గని వాపసొచ్చినయి ఖరాబుంటే ఆర్డర్ వేరేటోళ్లకు ఇస్తడంట. సోచ్ లే, మంచిగ ఆలోచించుకో."

"ఫికర్ జేయకు భాయ్!"

"మరి నాకేం పని తమ్మీ?" అంది పద్మక్క.

"ఊడినయన్ని నువ్వే అతికియ్యాలె అక్కా. పని ఇంకింత పెరుగుతది," అన్నాను. ఎంత ధైర్యమో చూడండి!

ఎండాకాలం. పన్నెండు రోజుల్లో, మూతలు బిగించి జనం వాపసిచ్చిన డబ్బాలు రేకుల షెడ్డు నిండా పేరుకున్నాయి. కొన్ని బరువుగా ఉంటే, మన అట్ట అంత మందం మరి అని మురిసిపోయాను.

"ఒక్కపారి మూత తీసి చూడరాదు తమ్మీ?"

"వద్దక్కా, ఊకె తీస్తే లూజైతది."

సేఠ్ స్వయంగా వచ్చాడు. నగల దుకాణంవాడిలా మొదటి డబ్బా తెరిచాను. చక్కెర, దాని మీద చీమలు. రెండోదాంట్లో ఆవకాయ, అట్టంతా నూనె. మూడోదాంట్లో బూజు పట్టిన పోలెలు, అదే బొబ్బట్లు.

సేఠ్ ముక్కు మూసుకున్నాడు. "మనోళ్లు ఖాళీ గిన్నె వాపసియ్యరని ఇంట్ల జెప్పలేదా నీకు?"

చెప్పడమేమిటి, మా అమ్మ జన్మలో ఖాళీ గిన్నె తిరిగిచ్చి ఎరగదు! వస్తువు ఇలా తిరిగి తిరిగి వస్తుందని శిక్షణలో గుండ్రంగా బొమ్మ గీసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసీ గుర్తు రాలేదు.

ఆర్డర్ ఆ రోజే పోయింది. కరీం భాయ్ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "చిన్న చిన్న ఆర్డర్లకు అట్ట కోసే మిషన్‌ కాడ నువ్వు కావాలె. చేత్తోని అతికిచ్చెటందుకు డబ్బాలే లేవు. పద్మమ్మకు నువ్వే జెప్పు."

చెప్పాను. పద్మక్క వేళ్లకంటిన జిగురు కడుక్కుని, సంచి తగిలించుకుంది.

"నీ ప్లాన్‌ల అన్ని వాపసొస్తయంటివి గద తమ్మీ. మరి నన్నెప్పుడు వాపస్ తీస్కుంటరు?"

నవ్వుతూనే అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అందుచేత మహంకాళి అమ్మవారి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా భోజనం పెట్టి మరీ శిక్షణ ఇస్తామంటే, భోజనం వరకే కూర్చుంటాను.