పచ్చిపులుసు నీళ్లేనట

మా క్యాంపస్‌లో పొద్దున నడిచేవాళ్లలో డాక్టరు ఒక్కడూ లేడు, వైద్యం చేయనివాడూ లేడు. రెండు నెలలుగా విరేచనంలో నెత్తురు పడుతోందని నోరు జారానో లేదో, గ్రౌండు ఒక చుట్టు తిరిగేలోపే మొలలని తీర్పు వచ్చేసింది. రిటైరైన ఎకనామిక్స్ ప్రొఫెసరు ముల్లంగి రసం తాగమన్నాడు. నాకూ ఆ తీర్పే నచ్చింది. మొలలతో పోయినవాణ్ని నేనెక్కడా చూడలేదు. కడుపులో గడ్డతో పోయిన మనిషిని మాత్రం చూశాను. ఆయన మా నాయన.

తార్నాకలో డాక్టరమ్మ మా నాయన మాట రాగానే రాయడం ఆపింది. పెద్దపేగులోకి కెమెరా పంపి చూడాల్సిందేనంది. ముందురోజు గట్టివేవీ తినకూడదు, నీళ్లలాంటివి తాగొచ్చు, పేగు కడిగినట్టు కావడానికి మందు కలిపిన నీళ్లు జగ్గుల కొద్దీ తాగాలి.

నాకు కాపలాగా అడిక్‌మెట్ నుంచి మా అక్క వచ్చింది. నాయన పోయాక నన్ను పెంచింది ఆమే. ఉప్పు వేసిన సబ్బునీళ్లలాంటి ఆ మందు తాగి, మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య నేను తిరిగిన తిరుగుడు చూస్తే క్యాంపస్ నడక ఏ మూలకూ రాదు. మధ్యాహ్నానికి అక్క మనసు ఆగలేదు. గిన్నెడు పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది.

"తినొద్దన్నరు గదక్కా."

"తినుమన్ననా? తాగుమంటున్న. నీళ్లే గిది."

"ఉల్లిగడ్డలున్నయి."

"నీళ్లల్లనే ఉన్నయి గద."

వాదనలో అక్కను గెలిచినవాడు మా ఇంటావంటా లేడు. పైగా ఆకలి కూడా ఆమె పక్షమే. గిన్నె ఖాళీ చేశాను.

మర్నాడు నాకు మత్తు దిగాక డాక్టరమ్మ చాలా ఓపికగా అడిగింది. "నిన్న ఏం తిన్నారు సార్? ఎటు చూసినా నువ్వులూ ఉల్లిపాయ ముక్కలే. పేగు గోడే కనిపించలేదు."

అక్క మొహం చిన్నబోయింది. "నువ్వులు మెత్తగనే దంచిన మేడం. అయినా కనవడ్డయా?"

పరీక్ష మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి అక్కను వంటింటి గడప తొక్కనివ్వలేదు. పేగులో పుట్టగొడుగులా మొలిచిన చిన్న కండ ఒకటి దొరికితే అక్కడికక్కడే తీసేసి ల్యాబుకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా నాకు నాయనే కళ్లలో మెదిలాడు. అది క్యాన్సర్ కాదు, వదిలేస్తే అయ్యేదేమో అంది డాక్టరమ్మ. తర్వాత అక్క వైపు తిరిగింది. "తండ్రి పేగులో గడ్డతోనే పోయారు, తమ్ముడికి ఇది వచ్చింది. మీరూ చేయించుకోవాలమ్మా."

"నాకేమైంది మేడం, బండలెక్క ఉన్న," అంది అక్క.

తిరిగి వస్తుంటే ఆటోలో బయటికి చూస్తూ మెల్లగా అంది. "నాకు గూడ పడ్తున్నది రా. ఏడాది సంది. భయపడ్తవని చెప్పలే."

నా నెత్తురు సంగతి క్యాంపస్ అంతటికీ తెలుసు. ఆమెది నాకు కూడా తెలియదు.

ఆ వారమే అడిక్‌మెట్‌లో ఆమె ఎదురుగా జగ్గు పట్టుకుని కూర్చున్నాను. తిట్టుకుంటూనే చుక్క మిగలకుండా తాగింది. ఆమెకు దొరికింది క్యాన్సరే. కానీ ఇంకా పేగు దాటలేదు, కోసి తీసేయొచ్చన్నారు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నంతసేపూ, అమ్మ లేని ఇంట్లో నాకు అన్నం కలిపి పెట్టిన ఆ చేతులే గుర్తొచ్చి ఏడ్చాను.

రెండోనాడు డాక్టరమ్మ వచ్చి కుట్లు చూసింది. "బాగుంది. ఇవాళ్టి నుంచి కొంచెం కొంచెం నీళ్లలాంటివి ఇవ్వొచ్చు," అంది.

కళ్లు మూసుకుని పడుకున్న అక్క ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"విన్నవా," అంది. "నువ్వులు వెయ్యకుండ చెయ్యి."