మొగ దగ్గర నల్ల బురద

వేటపాలేనికి తూర్పున, పొలాల మురుగు కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర మహిమ కూరకి పనికొచ్చే గుల్లలు ఏరి బతికేది. దక్షిణపు ఒడ్డు ఆమెది, ఉత్తరపు ఒడ్డు తోడికోడలు పున్నమ్మది. అత్తగారు బతికుండగా పెట్టిన హద్దు అది. ఎప్పుడూ మహిమ వైపే గుల్లలు ఎక్కువ. ఆ మాట నలుగురూ అంటుంటే వినడం ఆమెకిష్టం.

డిసెంబరు తుఫాను తగ్గాక వెళ్లి చూస్తే మొగ రూపే మారిపోయింది. మహిమ ఒడ్డు మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. తవ్వితే చచ్చిన చిప్పలే. పున్నమ్మ వైపు మాత్రం మెత్తటి నల్ల బురద పరుచుకుంది. బతికిన గుల్లలన్నీ అందులోనే ఉన్నట్టున్నాయి. పున్నమ్మ నిండు తట్ట దించుతుంటే చూసిన రోజు మహిమకు అన్నం సయించేది కాదు. చర్చిలో కళ్లు మూసుకున్నా ఆ తట్టే కనిపించేది.

తుఫాను తర్వాత ఒడ్డున మట్టి పరీక్షలు చేస్తున్న ఆరాధన అనే అమ్మాయి ఒకరోజు వచ్చింది. పున్నమ్మ చీరాల వెళ్లి ఉంది.

"ఆ నల్ల బురదలో పురుగుమందులున్నాయమ్మా. పైన మిర్చికీ పత్తికీ కొట్టిందంతా వానలకి కాలవలోకి దిగి, అడుగున సన్న బురదని పట్టుకుని ఉంటుంది. తుఫాను దాన్ని లేపి, నీళ్లు నిదానించిన చోట వేసింది. ఆ గుల్లలు తినొద్దని ఆవిడకి చెప్పండి."

మహిమ సరేనంది. ఇంటికి నడుస్తుంటే ఒళ్లు తేలికైంది. చెప్పకపోతేనేం అని కూడా అనుకుంది.

ఆ సాయంత్రం పున్నమ్మ గుమ్మంలో, పురిటికి వచ్చిన ఆమె కూతురు షారోన్ గుల్లల కూర కలుపుకుంటోంది. మహిమ కాళ్లు ఆగిపోయాయి. చీరాల నుంచి తిరిగొచ్చిన పున్నమ్మకు విన్నదంతా చెప్పింది.

"నీ ఒడ్డు పోయిందని నా నోట్లో మట్టి కొడతావా?" అంది పున్నమ్మ.

"కుళ్లుకుంటూనే ఉన్నానక్కా, కాదనను. కానీ ఇది అబద్ధం కాదు. పిల్ల ముందు నుంచి ఆ కంచం తియ్."

షారోన్ మాత్రం తల్లి మొహం చూసి, చెయ్యి కడుక్కుంది.

మర్నాడు ఆరాధన స్వయంగా వచ్చి చెప్పాకే పున్నమ్మ నమ్మింది. ఎండాకాలానికి మహిమ వైపు ఇసుకలో మళ్లీ గుల్లలు పట్టాయి. అవి తినొచ్చని ఆరాధన చెప్పింది. మహిమే పున్నమ్మను పిలిచి తన ఒడ్డులో సగం ఇచ్చింది. పున్నమ్మది వాటమైన చెయ్యి, ఆమె తట్టే ముందు నిండిపోతుంది. మహిమ అటు చూడకుండా ఏరాలనుకుంటుంది, ఇప్పటికీ వీలుకాదు.