నోట్లో పెట్టిన బెల్లం

ఆపరేషన్ బాగా జరిగితే మనిషి బతికినట్టే అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కడుపు కోసి కుట్టడం ఒక పూట పని. అసలు చావంతా ఆ తర్వాత ఐసీయూలో ఉంటుంది. గోదావరిఖనిలో నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఆ చాకిరీయే. ఏళ్ళ తరబడి బొగ్గుపొడి పీల్చిన ఊపిరితిత్తులను వెంటిలేటర్ మీదికి ఎక్కించడం తేలికే, దించేసరికి మా తలప్రాణం తోకకొస్తుంది.

అలాంటి ఒక బొగ్గుగని కార్మికుడు షిఫ్టు దిగి ఇంటికి పోతుంటే బండి జారింది. హ్యాండిల్ కడుపులో పొడుచుకుని పేగుకి చిల్లు పడింది. చెడిపోయిన ముక్క కోసేసి మిగిలిన పేగు కలిపి కుట్టాం. పేగు మా మాట విన్నది, ఊపిరితిత్తులే వినలేదు. వెంటిలేటర్ తీద్దామని చూసిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోయేది. గొంతులో వేసిన గొట్టంలోంచి కఫం లాగితే సిరాలా నల్లగా వచ్చేది. చివరికి ఒక ఉదయం గొట్టం తీయగలిగాం. ఆయన తన ఊపిరి తనే పీల్చుకుంటుంటే నేను క్యాంటీన్‌కి పోయి వరసగా రెండు చాయ్‌లు తాగాను. అంత సంబరం నాకు.

ఆయన భార్యను పిలిచి గట్టిగానే చెప్పాను.

"అమ్మా, ఇన్ని దినాలు గొంతుల గొట్టం ఉండె. మింగుడు ఇంక సక్కగ రాదు. ఏది పెట్టినా పొరపోయి ఊపిరితిత్తులల్లకు పోతది. నీళ్ళు లేవు, పాలు లేవు, అన్నం లేదు. సమజైందా?"

"మీరు చెప్పినంక ఎందుకు పెడ్త సారూ," అన్నది.

ఆమె మాట తప్పలేదు. నీళ్ళు పెట్టలేదు, పాలు పెట్టలేదు, అన్నం పెట్టలేదు. సాయంత్రం లోపలికి వదిలినప్పుడు ఆయన దగ్గాడు, పెదవుల మీదికి నల్లటి కఫం వచ్చింది. అది ఆమె కళ్ళారా చూసింది. ఇక్కడ డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు నోట్లో ఇంత బెల్లం వేసుకుంటారు. గొంతులో పట్టిన బొగ్గును అది దింపుతుందని నమ్మకం. వాళ్ళ లెక్కలో అది తిండి కాదు, మందు. ఆమె కొంగుముడి విప్పి, బెల్లం చిదిపి, ఆయన నాలుక మీద పెట్టింది.

సిస్టర్ కేకకి నేను పరుగెత్తేసరికి ఆయన మొహం నీలంగా మారింది. మళ్ళీ గొట్టం వేశాం. ఈసారి నల్లటి కఫం వెనకే గోధుమరంగు నలకలు వచ్చాయి. ఐసీయూలో బెల్లం వాసన. ఆ వాసనకి నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపమొచ్చింది. తర్వాత నిమోనియా, ఆ తర్వాత కిడ్నీలు. ఏ మందూ పట్టలేదు. ఆ వారంలోనే ఆయన పోయాడు.

వరండా నిండా చుట్టాలు, ఆయనతో డ్యూటీ చేసేవాళ్ళు. మా పెద్ద డాక్టర్ నన్ను పక్కకి పిలిచి, బెల్లం సంగతి చెప్పెయ్, లేకపోతే మన అద్దాలు మిగలవు అన్నాడు. చెప్పనన్నాను. చెబితే ఆమెను బతికినంతకాలం కాల్చుకు తింటారు. ఊపిరితిత్తులు ముందే పాడైపోయాయి, నిమోనియా వచ్చింది అని చనిపోయినాయన అన్నకు చెప్పాను. అందులో అబద్ధం లేదు. అన్న గొణిగాడు గానీ గొడవకి దిగలేదు.

అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"తప్పు నాదే సారూ. మీకు భయపడి బెల్లం పెట్టుడు ఆలస్యం చేసిన. ముందుగాల్నే పెడితే బొగ్గంత దిగుతుండె. బతుకుతుండె."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునవునన్నారు. వాళ్ళలో పక్క మంచం మీది మనిషి భార్య కూడా ఉంది. ఆయనదీ గని పనే, ఆయనకీ కడుపు ఆపరేషనే, మర్నాడు గొట్టం తీయాలి. ఇన్ని రోజులూ వాళ్ళిద్దరూ వరండాలో ఒకే చాప మీద పడుకున్నారు. ఆ పక్క మంచం ఆమె చెయ్యి తన కొంగుముడిని తడుముకోవడం చూశాను.

నా ఓపిక తెగిపోయింది.

"ఆయన పోయింది ఆ బెల్లంతోనే అమ్మా! మింగరాక లోపటికి పోయింది. మిషన్ పెట్టి మా చేతులతోటి తీసినం. ఇంకెవలన్న పెడితే వాళ్ళ మనిషి గూడ గట్లనే పోతడు!"

వరండా అంతా విన్నది. ఆయన అన్న కూడా విన్నాడు. పక్క మంచం ఆమె ముడి విప్పి బెల్లాన్ని చెత్తడబ్బాలో పడేసింది. ఆమె భర్త తర్వాత నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఆ కేసు గురించి నన్నెవరైనా మెచ్చుకోబోతే నోరు మూసుకోమంటాను.

చనిపోయినాయన భార్య ఏడవలేదు. ఆయన అన్న తన భార్యను చాటుకి పిలిచి ఏదో అంటున్నాడు. ఇద్దరూ ఇటే చూస్తున్నారు. ఆమె వాళ్ళ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"గా మాట నాకొక్కదానికి చెప్తే కాకపోవునా, సారూ?"