ముహూర్తం దాటిన అప్పగింత

వెబ్‌సైట్ల పేర్లు నమోదు చేసే మా సంస్థను కొత్త యాజమాన్యానికి అప్పగించే పద్ధతంతా కాగితం మీద పెట్టింది, సీతారాండేరా తెలుగు బస్తీ నుంచి వచ్చే మా ఇంజనీరమ్మ. ఎక్కడ పొరబడినా ఎన్నో ఆస్పత్రుల, బడుల వెబ్‌సైట్లు తెరుచుకోవు. "సేసి సూపించండి" అన్నది ఆవిడ ఊతపదం. అప్పగింత రోజునా కొత్తవాళ్లతో ముందు రిహార్సల్ చేయించింది. మధ్యలో వాళ్లు తడబడ్డారు.

"మీది కాదు, నా కాయితందే తప్పు," అని ఆ పేరా కొట్టేసి మళ్లీ రాయసాగింది.

"పంతులు పెట్టిన ముహూర్తం దాటిపోతోంది మేడమ్!" అన్నాడు కొత్త మేనేజరు.

"దాటనీ బాబూ. పేర్లు చెరిగిపోతే పంతులొచ్చి రాత్తాడేటి?"

రెండోసారి వాళ్లు ఆవిణ్ణి ఒక్క మాటా అడక్కుండా చేశారు. అప్పుడు, నిండు రాహుకాలంలో, పాస్‌వర్డులు అప్పగించింది. ఒక్క వెబ్‌సైటూ ఆగలేదు.

ముహూర్తాల మీద వేదికలెక్కి విరుచుకుపడే నేను ఆ గదిలో నోరెత్తలేదు. రోజూ పూజ చేసుకునే ఆవిడే ఎత్తింది.